తోటివాని చెవి: తెలుగునాట వ్యాసరచనాభ్యాసపు పూర్వకథ

1823 ఆగస్టు మాసమున బళ్లారి మండలపు కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డువారికి ఒక నివేదికను పంపెను. రాజధానియందలి ప్రతి మండలమునను ఎన్ని బడులున్నవి, వానిలో ఎందఱు పిల్లలు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు అని విచారింపవలసినదిగా గవర్నరు సర్ థామస్ మన్రో అంతకు ముందటి యేటి జూనులో ఆజ్ఞాపించియుండుటచే, కలెక్టరులందఱును ఏదో యొక జవాబు వ్రాయక తప్పినది కాదు. పెక్కుమంది అంకెల పట్టిక యొకటి పంపి చేతులు దులుపుకొనిరి. క్యాంబెల్ అట్టివాడు కాడు. ఏడేండ్ల క్రిందటనే తెలుగునకు వ్యాకరణము వ్రాసి అచ్చొత్తించిన యా దొర, బడిలో కూర్చుండి చూచినవానివలె వ్రాసెను. మండలమున బడులు 533, పిల్లలు 6,641 మంది; ఆ బడులలో 226 తెలుగువి, 235 కన్నడమువి, తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మున్నగు భాషలవి. పూర్వము బడి యుండిన యూళ్లలో పెక్కింట నిప్పుడు లేదనియు, జనులు బీదలగుటయే యందులకు ముఖ్యకారణమనియు అతడు దాచక చెప్పెను. సర్కారు కాగితములలో అట్టి మాట దొరకుట అరుదు.

మన వీధిబడిని గూర్చి తఱచుగా వినవచ్చునది దండనల కథ. కోదండము వేయుట, తొడపాశము పెట్టుట, తెల్లవాఱకముందే మొదట వచ్చినవాని యఱచేత శ్రీ, రెండవవానికి చుక్క, ఆ తరువాత వచ్చినవారికి వరుసగా నొక్కొక్క దెబ్బ యెక్కువ, ఇవియే ముసలివారు చెప్పుచుండిరి. క్యాంబెల్ కూడ ఈ వరుసను వర్ణించెను. మొదటివాని చేతిలో సరస్వతి పేరును, రెండవవాని చేతిలో పొగడ్తయు తెగడ్తయు లేదని తెలుపు సున్నయు వ్రాయుదురని యతని మాట. కాని ఆ నివేదికలో మన ప్రస్తుతమునకు పనికివచ్చునవి వేఱు రెండు విషయములు. మొదటిది, పిల్లలను తరగతులుగా విభజించి, క్రిందివారిని పైతరగతివారి కప్పగించుట. అయ్యవారు ఒక్కరు, అరుగుమీద ఇరువదిమందియో ముప్పదిమందియో, అక్షరములు దిద్దుచున్న పసివాని ప్రక్కన, నిరుడు దిద్ది యీయేడు గుణింతములలోనికి వచ్చినవాడు కూర్చుండి వ్రేలు పట్టి దిద్దించును. తనకు తెలిసినది నిన్ననే తెలిసినది గనుక, తెలియనివాని చిక్కు ఎక్కడ నున్నదో వానికి గుర్తుండును. నలువదియేండ్లు బడి నడపిన పంతులు ఆ చిక్కును ఎన్నడో మఱచియుండును. క్యాంబెల్ దీనిని మెచ్చుకొని, ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగియే యున్నదనెను.

ఆ యనుకరణకథ మద్రాసులోనే పుట్టినది. స్కాట్లండునుండి వచ్చిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789లో ఎగ్మూరులోని యనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకు డయ్యెను. ఆ ప్రాంతపు దేశీయపాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుట యొకనా డతని కంటబడెను. తన శరణాలయమున దానిని ప్రవేశపెట్టబోగా, అచటి యుపాధ్యాయు లిష్టపడలేదు. అప్పు డతడు జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఆ పని యప్పగించెను. పెద్దలు చేయజాలమన్నది పిల్లవాడు చేసి చూపెను. బెల్ స్వదేశమునకు మరలి 1797లో ఈ ప్రయోగమును గూర్చి చిన్నపుస్తకము ప్రకటించెను. అనంతరము మద్రాసు పద్ధతియను పేర అది ఇంగ్లండునం దంతటను వ్యాపించెను. అచట కది పెరిగి యొక సైనికశిక్షణవలె తయారైన మాట వేఱు. మన యరుగులమీద నలుగురు గుసగుసలాడుకొనుచు నేర్చుకొన్న చదువునకును, వందలకొలది పిల్లలను బల్లలవెంట నిలిపి కేకలతో నడపిన యా చదువునకును పోలిక స్వల్పమే.

రెండవ విషయము ఇంకను ముఖ్యము. ఆ బడులలో రచనాభ్యాస మున్నదా? వ్యాసమను పేర లేదు, పనియం దున్నది. ఇసుకలో దిద్దుట ముగిసిన పిల్లవాడు కడితముమీద బలపముతోను, తాటాకుమీద గంటముతోను వ్రాయ నేర్చును. అటుపిమ్మట అయ్యవారు ఎక్కడెక్కడినుండియో సేకరించి తెచ్చిన జాబులను, దఫ్తరు కాగితములను, చేతివ్రాత ఎంత గొలుసుకట్టుగా నున్నను విడదీసి చదువవలెను. తాను మామూలు జాబులు వ్రాయవలెను. ఒడంబడికల నమూనాలు తయారుచేయవలెను. ఇవి మన మొదటి గద్యరచనాపాఠములు. ఇందు తప్పొప్పుల తీర్పరి అయ్యవారొక్కడే కాడు. పిల్లవాడు వ్రాసిన జాబును పొరుగింటి కాపు వినును, అప్పుపత్రమును కోమటి వినును; అర్థము కానిచో అక్కడికక్కడనే ఆపి యడుగును. జాబు వాడుకమాటకు దగ్గరగా నుండుటచేతనే ఆ యడుగుట సాధ్యమయ్యెను.

అయినను అదే బడిలో, అదే పిల్లవానిచేత వల్లెవేయించుచున్న పద్యకావ్యముల సంగతి యట్లు లేదు. క్యాంబెల్ చేసిన గట్టి యాక్షేపణ యిదియే. పుస్తకములన్నియు పద్యరూపమున, మాటలాడు భాషకు మిక్కిలి దూరమైన భాషలో నున్నవి. పిల్లలు వానిని చిలుకవలె అప్పగించుచున్నారే కాని అర్థము వారికి తెలియదు. చెప్పువారిలో కొందఱికిని తెలియదు. ఒకే యరుగుమీద రెండు తెలుగులు. ఒకటి ఎవడైనను ప్రశ్నింపదగినది, రెండవది ఎవడును ప్రశ్నింపరానిది. నూఱేండ్లలోపల, పరీక్షాధికారులు పిల్లవానిని వ్యాసము వ్రాయుమని యడిగినప్పుడు, ఆ రెంటిలో దేనిలో వ్రాయవలెనన్న తగవు పుట్టక తప్పలేదు.

ఈ నడుమ అచ్చు వచ్చెను. సామినేని ముద్దునరసింహము నాయుడుగారు విద్యను గూర్చియు, వైద్యమును గూర్చియు, వివాహమును గూర్చియు ప్రమేయములను పేర వ్రాసిన గద్యభాగములు హితసూచని యను గ్రంథముగా 1862లో వెలువడినవి; మన భాషలో వ్యాసమునకు దగ్గరగా వచ్చిన తొలి ప్రయత్నములలో నది ముందుగా నెన్నదగినది. అందలి తెలుగు లోకవ్యవహారమునకు చేరువైనది. కాని బడులలో నిలిచినది అది కాదు. అంతకు ముందే, 1853లో, పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడియుండెను. ఆ గద్యముయొక్క బిగువును, సొంపును చూచిన పండితులు, తెలుగు గద్యమన్న నిట్లుండవలెనని నిర్ణయించుకొనిరి. సూరి గొప్ప గద్యకర్త. అం దనుమానము లేదు. అతని తప్పేమియు లేదు కూడ. పదునాలుగేండ్ల పిల్లవాడు తన యూరి చెఱువును గూర్చి వ్రాయునప్పుడు సూరివలె వ్రాయవలెనని విధించినవారిది తప్పు.

ఇరువదవ శతాబ్ది తొలి దశకము గడచుసరికి చెన్నరాజధానిలో మెట్రిక్యులేషను స్థానమున స్కూలు ఫైనలు పరీక్ష వచ్చెను. దేశభాషలో రచన తప్పనిసరి యయ్యెను. అంతవఱకు తెలుగు తరగతి యనగా పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుటయే. ఇప్పుడు కాంపోజిషను పుస్తకము వచ్చెను. పంతులుగారు విషయ మొకటి నల్లబల్లమీద వ్రాయుదురు. పిల్లలు ఇంటివద్ద వ్రాసికొని తెచ్చెదరు. పుస్తకములు దొంతరగా బల్లమీద చేరును. వారమునకు ఎఱ్ఱసిరాతో మరలివచ్చును. ఆ యెఱ్ఱసిరా దేనిని దిద్దెడిదో చూడుడు. విషయము చాలలేదనియు, వాదము కుదురలేదనియు వ్రాసిన జాడ అరుదు. అరసున్న విడిచెను, శకటరేఫమునకు బదులు సాధురేఫము వ్రాసెను, ద్రుతసంధి చేయలేదు, వ్యావహారికక్రియ పడినది, ఇవియే దోషములు. ముప్పదిమంది పిల్లల ముప్పది యూహలు ఒక వ్యాకరణపు జల్లెడలో పడి, క్రింద మిగిలినది కొలిచి మార్కులు వేయుట జరిగెను.

ఇందువలన గలిగిన నష్టములలో ఎక్కువగా చర్చకు రానిది యొకటి కలదు. పిల్లవాని వ్యాసమును దిద్దుటకు తోటిపిల్లవానికి అర్హత లేకపోయెను. నీవు చెప్పినది నాకు బోధపడలేదని యనుటకు ఎవనికైనను హక్కు కలదు. నీ సంధి తప్పని యనుటకు వ్యాకరణము చదివినవానికే హక్కు. దోషమనగా సంధిదోషమే యైనప్పుడు, ప్రక్కవాడు మౌనము వహించును. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున జార్జి జార్డీన్ అను తర్కశాస్త్రాచార్యుడు, విద్యార్థుల వ్యాసములను విద్యార్థులలోనే కొందఱు పరీక్షకులై చదివి గుణదోషములు చెప్పు నేర్పాటు చేసి, 1818లో ప్రకటించిన తన విద్యాగ్రంథమున దానిని వివరించెను. క్యాంబెల్ నివేదికకును, దానికిని నడుమ అయిదేండ్లే యంతరము. నేడు అమెరికానుండి దిగుమతియైన కొత్తపద్ధతిగా మనవారు చెప్పుకొనునది ఇదియే. జార్డీన్ విద్యార్థులు తాము తలచిన భాషలో, లేదా దానికి బహుసమీపమున, వ్రాసిరి. అందుచే వారి యేర్పాటు సాగెను. మన కాంపోజిషను తరగతిలో దానిని పెట్టినను సాగియుండెడిది కాదు.

ఈ చిక్కును మొదట పట్టుకొన్నవారు పండితులు కారు, ఉపాధ్యాయులు. ఉత్తరసర్కారులలో బడుల తనిఖీకి వచ్చిన యేట్సు దొర, తెలుగు నేర్చుకొనుచు, పుస్తకమునందలి తెలుగు వీధిలో వినబడకపోవుట కేమి కారణమని యెదురైన వారినెల్ల అడుగుచుండెను. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలకు అధ్యక్షుడైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు 1909లో దేశభాషల జీవన్మరణములను గూర్చి యింగ్లీషున ఒక లఘుగ్రంథమునే వ్రాసెను. విజయనగరమున సహాధ్యాయులైన యిద్దఱు, వాడుకభాషను బడిలోనికి తేవలెనను నుద్యమమునకు రెండు చేతులైరి. పర్లాకిమిడిలో పాఠము చెప్పుచు, లిపిలేని సవరభాషను నేర్చి, సవరపిల్లలకు వారి మాటలతోనే వాచకములు కూర్చిన గిడుగు రామమూర్తిగారికి, తెలుగుపిల్లలకు మాత్రము వారి మాట నిషిద్ధమగుట వింతగా తోచుటలో వింత లేదు. కన్యాశుల్కమును 1897లో అచ్చువేసి, తృప్తి చాలక దానిని తిరుగ వ్రాసి 1909లో మఱల ప్రకటించిన గురజాడ అప్పారావుగారికి, రచన యనగా వ్రాయుటకన్న తిరుగ వ్రాయుటయే యని యొకరు చెప్పనక్కఱలేదు.

తగవు పూర్తిగా వీధిని పడెను. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్రసాహిత్యపరిషత్తు మద్రాసున వెలసెను. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనమును, రామయ్యగారు గ్రాంథికాంధ్రమును సమర్థించుచు గ్రంథమును, ఇద్దఱును ఇంగ్లీషులోనే, ప్రకటించిరి. తెలుగు ఎట్లు వ్రాయవలెనను తగవు ఇంగ్లీషులో నడచినదని నవ్వుకొనవచ్చును. కాని తీర్పు చెప్పువారు తెలుగువారు కారు గదా. విశ్వవిద్యాలయము నియమించిన సంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికపక్షము వహింపగా, గురజాడవారు 1914లో దీర్ఘమైన యసమ్మతిపత్రమును సమర్పించిరి. మఱుసటి యేడే కాలధర్మము నొందిరి. స్కూలు ఫైనలు విద్యార్థులు తమకు వలసిన శైలిలో వ్రాయవచ్చునని యిచ్చిన యనుమతిని సర్కారు కొలదికాలమునకే ఉపసంహరించెను. పరీక్షలో పరిషత్తు గెలిచినది.

రామయ్య పంతులుగారి వాదములో బలము లేదనుట న్యాయము కాదు. గంజామువాని మాట నెల్లూరివానికిని, నెల్లూరివాని మాట పాలమూరివానికిని ఏకరీతిగా తెలియదు. మూడు ప్రభుత్వముల క్రింద చీలియున్న జాతికి నన్నయనాటినుండి వచ్చుచున్న యొక్క లిఖితభాషయే కూడలి యని యాయన భయపడెను. ఆ భయము నిజమైనదే. నే నీ వ్యాసమును వ్రాయుచున్న శైలిని చూచి నా పక్షమేదో పాఠకుడు నిర్ణయించుకొనియుండవచ్చును. ఇది చిన్ననాట చేతికి పట్టిన వ్రాత, విడువ బుద్ధి పుట్టలేదు. కాని బడిపిల్లల విషయమున గిడుగువారి మాటయే నిజమని నా తలంపు. పండితులు వ్రాసిన గ్రాంథికములోనే వారి వ్యాకరణము ప్రకారము తప్పులెన్ని యున్నవో, సభలకు పుస్తకముల మూటలు మోయించుకొని వచ్చి యాయన చదివి వినిపించుచుండెను. పంతులే నిలుపుకొనలేని నియమమును పిల్లవానిపై రుద్దుట యెట్లని యాయన ప్రశ్న. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజము ఏర్పడినప్పుడు, జీవితమున చాలవఱకు గ్రాంథికములో వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షులుగా నుండ నొప్పుకొనిరి. ఆ సంవత్సరమే వారు దివంగతులైరి.

తరగతిలో లేనిది తరగతి వెలుపల జరిగెను. వ్రాసినదానిని నలుగురి యెదుట చదివి, వారి మాట విని, దిద్దుకొనుట మనకు కొత్త కాదు. మహాభారతము తెనిగింప బూనిన నన్నయయే, భారతయుద్ధమున నర్జునునకు కృష్ణునివలె తనకు నారాయణభట్టు తోడ్పడెనని యవతారికలో చెప్పుకొనెను. ఆ నారాయణభట్టునకు రాజరాజనరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి యగ్రహారపు శాసనమును రచించినవాడును నన్నయయే. అవధానసభలో నిషేధాక్షరి యిచ్చు పృచ్ఛకుడు, కవి యింకను పలుకని యక్షరమునే ముందుగా పసిగట్టి వలదనును. పుట్టబోవు తప్పును వెదకు విమర్శకుడు వాడొక్కడే కాబోలు.

కళాశాలలలోను, హైస్కూళ్లలోను సాహిత్యసమాజములు వెలసిన తరువాత ఈ యలవాటు విద్యార్థుల చేతికి వచ్చెను. వారమున కొకమారు, సాధారణముగా శనివారము మధ్యాహ్నము, ఒకడు వ్యాసము వ్రాసికొని వచ్చి చదువును. ఒకడు ఖండించును, ఒకడు సమర్థించును. ఉపాధ్యాయుడు అధ్యక్షపీఠమున కూర్చుండి చివర నాలుగు మాటలు చెప్పును. కాగితము చూడక మాటలాడవలెనని కొందఱు, చూచి చదువవలెనని కొందఱు పట్టుబట్టెడివారు. మొదటిసారి లేచినవాడు అధ్యక్షమహాశయా యని ప్రారంభించి, ఆ మాటయొద్దనే కొంతసే పాగిపోవుట పరిపాటి. కాని రెండవసారి లేచునప్పటికి, వాక్య మెంత పొడవున్నచో వినువాడు జాఱిపోవునో వానికి తెలిసియుండును. ఎఱ్ఱసిరా ఆ సంగతి ఎన్నడును చెప్పజాలదు. హాస్టళ్లలో వ్రాతపత్రికలు నడచినవి. ఒక్క ప్రతియే గనుక అది గదినుండి గదికి తిరుగుచు, అంచులలో అభిప్రాయములు మోయుచు మరలివచ్చుచుండెను. ఆ యభిప్రాయములు అన్నియు మర్యాదగా నుండెననుటకు వీలులేదు.

ఈ సమాజముల వాసన మన వ్యాసవాఙ్మయమునకు ఎంతగా పట్టెనో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి సాక్షి చూచిన తెలియును. స్పెక్టేటరు అను ఇంగ్లీషు పత్రికయందలి సంఘమును మనసున నుంచుకొని యాయన యొక సాక్షిసంఘమును కల్పించెను. సాక్షి, జంఘాలశాస్త్రి, వాణీదాసుడు, కాలాచార్యుడు, బొఱ్ఱయ్యసెట్టి అందు సభ్యులు. చాలవఱకు ఆ వ్యాసములు జంఘాలశాస్త్రి సంఘమున లేచి యిచ్చిన యుపన్యాసములే. చదువుటకన్న వినుటకే అవి యింపైనవి. ఆ పునరుక్తులు, ఆ ప్రశ్నపరంపరలు కాగితముపై కొంత విసుగు పుట్టించును గాని, ఎదుట శ్రోతలు కూర్చున్నారని తలంచుకొన్నంతనే ప్రాణము పోసికొనును.

1920 ప్రాంతమున తెనాలిలో తల్లావఝుల శివశంకరశాస్త్రిగారి చుట్టును కూడిన సాహితీసమితి దీనికంటె గాఢమైనది. అచట గురువు లేడు, అన్నగారు కలడు. శాస్త్రిగారిని అందఱును అట్లే పిలిచెడివారు, వారందఱు నాయనకు తమ్ములు. నండూరి సుబ్బారావు, చింతా దీక్షితులు, నోరి నరసింహశాస్త్రి మొదలగువారు ఆ గోష్ఠికి చెందినవారే. వ్రాసినది తెచ్చి చదువుట, వినినవారు విప్పి చెప్పుట, తీసికొనిపోయి దిద్దుట. ఇందులో గ్రాంథికమున వ్రాసినవారును, వాడుకలో వ్రాసినవారును, జానపదుని నోటిమాటలో పాట కట్టినవారును ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. కనుక భాషయొక్క దూరమే తోటివాని నోరు మూయించునని నేను పైన చెప్పినది బడిపిల్లల వఱకే చెల్లును. భాషపై ఎవని యధికారము వానికి గలిగిన పిమ్మట, శైలీభేదము విమర్శ కడ్డు రాదు.

నైజాము రాష్ట్రమున కథ తలక్రిందుగా నడచెను. అచట తగవు ఏ తెలుగు వ్రాయవలెనని కాదు, తెలుగు వ్రాయవచ్చునా యని. బడులలో ఉర్దూ, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష ఉర్దూయే. తెలుగులో వ్యాసము వ్రాయు నభ్యాసము గ్రంథాలయములలో మొదలయ్యెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసినవి. 1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కారసభ జరుగుచుండగా, ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను సహనముతో విన్న శ్రోతలు, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగానే గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే కొందఱు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. వినువాడు లేక వక్త లేడు. కనుక వారు మొదట శ్రోతలను సమకూర్చుకొనిరనవలెను. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండపత్రికను స్థాపించి, తెలంగాణమున కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో సంచికను వెలువరించిరి.

1943లో హైదరాబాదున వెలసిన ఆంధ్రసారస్వతపరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారదయను పేర్లతో తెలుగుపరీక్షలు నడప నారంభించెను. సర్కారు బడిలో తెలుగు దొరకనివారు, గుమాస్తాలు, గృహిణులు, ఊరి పంతుళ్లు, రాత్రులు కూడి చదువుకొని ఆ పరీక్షలకు కూర్చుండిరి. సర్కారు జిల్లాలలో పరీక్ష ముందు వచ్చి, దానిని గూర్చిన తగవు తరువాత వచ్చి, తోటివారి గోష్ఠులు చివరకు, అదియు బడి వెలుపల, వచ్చినవి. ఇచట గోష్ఠులు ముందు పుట్టి, తమకు కావలసిన పరీక్షను తామే పెట్టుకొన్నవి.